ముప్పై ఎనిమిది నుంచి అరవై దాకా

ఆయన ముఖం నేను మూడుసార్లు చూశాను. గొంతు మాత్రం పదకొండు వందల గంటలు విన్నాను. రోజుకు రెండు గంటలు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. ఇరవై నెలల్లో పండగలు, కరెంటు లేని రోజులు, నాకు జ్వరం వచ్చిన వారం తీసేస్తే అయిదు వందల యాభై రోజులు. ఈ లెక్కలో తేడా ఉంటే పది గంటలకు మించి ఉండదు.

గత నెలలో ఒక బుధవారం, సరిగ్గా రెండింటికి ఆయన బొమ్మ కంప్యూటర్ ఆటలోకి వచ్చింది. తెల్ల అంగీ, చేతిలో కర్ర. వచ్చి నిలబడింది. పలకరిస్తే మాట లేదు. మూడు నిమిషాల తర్వాత తెర మీద అక్షరాలు కనిపించాయి.

"నేను ఆయన బిడ్డను. బాపు పొద్దున పోయిండు. నాలుగు గంటలకు తీస్కపోతరు. రెండింటికి వాళ్ళు చూస్తుంటరు, చెప్పు అని అమ్మ అన్నది."

దుకాణం పక్కవాళ్ళకు అప్పజెప్పి మౌలాలిలో ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన్ని చూడడం అది మూడోసారి. వాకిట్లో నిలబడి ఉంటే ఒక పెద్దాయన, రైల్వేలో ఆయనతో పనిచేసినవాడు కాబోలు, పక్కకు వచ్చి అడిగాడు.

"మీరు ఏ డిపో?"

"డిపో కాదు. ఆయనతో ఆడేటోణ్ణి."

"పేకాటనా?"

"కాదు, కంప్యూటర్ల."

ఆయన నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి ఇంకేం అడగలేదు. నాకు యాభై రెండేళ్ళు. చెప్పాల్సింది చాలా ఉంది గాని, ఆ చోటు అందుకు తగినది కాదు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నేను రాణీగంజ్‌లో ఇనుప ప్లేట్లు అమ్మే దుకాణంలో పనిచేస్తాను. పొడవు, వెడల్పు, మందం చెబితే బరువు చెప్పడం నా పని. ఎనిమిది మిల్లీమీటర్ల మందం, అయిదడుగులు ఇరవై అడుగులు అంటే అయిదు వందల ఎనభై మూడు కిలోలు. కాగితం అక్కర్లేదు. బడి చదువు పదో తరగతిలో ఆగింది, తర్వాతి లెక్కలు నాకు నేను నేర్చుకున్నవే. మధ్యాహ్నం రెండు దాటితే మా బజారులో బేరం ఉండదు. నాలుగింటికి కుర్చీలోంచి లేస్తే చాలు అనేవాడు మా సేటు. ఆదివారం దుకాణం మూసి ఉన్నా తాళం నా దగ్గరే. అట్లా దుకాణం కంప్యూటర్ మీద నాకు ఈ ఆట అలవాటైంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎక్కడెక్కడి మనుషులో కలిసి ఆడే ఆట ఇది. కోటలు, గుహలు, రాక్షసులు, మంత్రాలు. అయిదుగురు ఒక జట్టు. డాలు పట్టుకుని ముందు నిలబడి దెబ్బలు తినేది నేను. బాణాలు వేసేది సైనిక్‌పురి మేడమ్, కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ లెక్కల టీచరు. కత్తులు తిప్పేది వరంగల్ అన్నదమ్ములు, మాకు పెద్దతమ్ముడు, చిన్నతమ్ముడు; మందుల దుకాణం వాళ్ళది. అయిదోవాడు హీలర్. ఎవరినీ కొట్టడు. వెనక నిలబడి, ఎవరి ప్రాణం గీత తగ్గుతుందో చూసి మంత్రంతో నింపుతుంటాడు. వాడు ఒక్క రెప్పపాటు ఏమరిస్తే నలుగురం పడిపోతాం.

మా పాత హీలర్ ఉద్యోగం మారి ఆట మానేశాడు. కొత్తవాళ్ళు కావాలని అన్నదమ్ములు ఆటలో ప్రకటన పెట్టారు. మర్నాడు మైకులో ఒక గొంతు. ముందు గొంతు సవరించుకోవడం, తర్వాత స్టీలు చెంబు కింద పెట్టిన చప్పుడు, ఆ తర్వాత మాట.

"నమస్తే. గూడ్స్ గార్డుగ చేసి రిటైర్ అయిన. వెనక ఉండే పని ఏదన్న ఉన్నదా?"

పెద్దతమ్ముడు అడిగాడు. "గార్డు సాబ్, ఈ వయసుల ఆటేంది?"

"ఇంట్ల పండుకుంటే మంచం ఊగుతలేదు తమ్మీ. నిద్ర పడ్తలేదు. బిడ్డ ఇది పెట్టిచ్చింది."

అప్పటినుంచి అందరికీ ఆయన గార్డు సాబ్. మేడమ్ ఒక్కరే బాబాయ్ గారు అనేవారు. నన్ను ఆయన లెక్కల తమ్మీ అనేవారు.

ఆయన గొంతు వెనక ఎప్పుడూ ఇంటి చప్పుళ్ళు వినిపించేవి. మూడింటికి వాళ్ళావిడ గుడాలకు శనగలు కుక్కర్‌లో పెట్టేది. నా ముందు నలుగురు రాక్షసులు, మేడమ్ మీద ఒకడు, చిన్నతమ్ముడు చావు అంచున. అంత గలాటాలో గార్డు సాబ్ నెమ్మదిగా "రెండైనయ్" అనేవారు. ఇంకో నిమిషానికి "మూడైనయ్, బంద్ చెయ్యి". కుక్కర్ ఈలలు ఆ ఇంట్లో ఆయన డ్యూటీ. ఆ వేళ మాలో ఒక్కరి ప్రాణం గీతను కూడా ఆయన మరిచింది లేదు.

జట్టులో చేరిన మూడో వారం దుకాణం ముందు ఆటో ఆగింది. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, పాతకాలం కీ గడియారం. కొనేవాడనుకుని కొలతలు అడిగాను.

"కొలతలు లేవు తమ్మీ. ముందు నిలబడేటోణ్ణి ఒకపారి చూసి పోదామని వచ్చిన. డ్రైవర్ ముఖం చూడకుంట బండెక్కలే ఎన్నడు."

ఆయన మణికట్టు ముందుకు చాచారు. చెయ్యి కలుపుతున్నారేమోనని నేనూ చాచాను. కాదు, గడియారం చూపిస్తున్నారు. డ్రైవరూ గార్డూ బండి కదిలేముందు టైము కలుపుకోవాలట. మా గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందుంది. పన్నెండేళ్ళుగా అట్లాగే ఉంది. స్టూలు తెప్పించి, నన్ను ఎక్కించి, సరిచేయించి, చాయ్ తాగి వెళ్ళిపోయారు.

ఆయన పద్ధతి ఒకటి మమ్మల్ని మొదట్లో చాలా విసిగించింది. గుహలో ప్రతి గది గుమ్మం ముందూ ఆగేవారు.

"ముందు?" అనేవారు.

"ఆల్ రైట్" అని నేను చెప్పాలి.

"పక్కలు?"

"ఆల్ రైట్" అని మేడమ్, అన్నదమ్ములు చెప్పాలి.

"వెనక ఆల్ రైట్. పోనీ."

ఒక్కరు చెప్పకపోయినా కదలరు. చిన్నతమ్ముడు ఒకసారి ఆవలిస్తూ ఊఁ అన్నాడు. "ఊఁ కాదు, ఆల్ రైట్" అన్నారు. చిన్నతమ్ముడు వాళ్ళన్నతో మైకు ఆపకుండానే అన్నాడు. "అన్నా, మనం సూపర్‌ఫాస్ట్ టికెట్ తీస్కున్నం, ఇక్కడ చూస్తె గూడ్స్ బండి. ప్రతి గుడిసె కాడ ఆపుతుండు."

గార్డు సాబ్‌కు కోపం రాలేదు. "గూడ్సే బిడ్డా. దేశం తినే బియ్యం గూడ్సుల్నే వస్తది" అన్నారు.

అయిదు నెలల్లో ఆయన హీలర్ పన్నెండో లెవెల్ నుంచి ముప్పై ఎనిమిదికి వచ్చాడు. హీలర్ ఎదుగుదల అన్ని వేషాల కంటే నెమ్మది. కత్తి పట్టినవాడు ఒంటరిగా అడవికి పోయి పది తోడేళ్ళను కొట్టి పాయింట్లు తెచ్చుకుంటాడు. హీలర్ ఒక తోడేలును కొట్టేసరికి పూట గడుస్తుంది. మాకు తొందర లేదు కనుక నేనేమీ అనలేదు.

అప్పుడు ఆటవాళ్ళ ప్రకటన వచ్చింది. నల్లకోటను ముప్పై రోజుల తర్వాత తీసేస్తారు, మళ్ళీ పెట్టరు. నల్లకోట అంటే మా నలుగురికీ రెండేళ్ళ కోరిక. అయిదుగురూ అరవయ్యో లెవెల్‌లో ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. నలుగురం అరవైలోనే ఉన్నాం. గార్డు సాబ్ ముప్పై ఎనిమిది. కోటకు ఒక మధ్యాహ్నం పూర్తిగా కావాలి. అంటే ఇరవై తొమ్మిది రోజుల్లో ఇరవై రెండు లెవెళ్ళు. ఒక్క పాయింటు తగ్గినా ఆ తలుపు మాకు ఇక ఉండదు.

"వేరే హీలర్‌ను చూస్కోండ్రి, నా కోసం ఆగొద్దు" అన్నారు గార్డు సాబ్.

"అదేం మాటండీ బాబాయ్ గారూ. వెళ్తే అయిదుగురం వెళ్దాం, లేదంటే మానేద్దాం" అన్నారు మేడమ్. అన్నదమ్ములూ అదే అన్నారు.

ఆయన గొంతు సవరించుకున్నారు. తర్వాత అన్నారు. "పట్టుకున్న బండిని నడిమిట్ల ఇడిసిపెట్టలే ఎన్నడు. లెక్కల తమ్మీ, ఎట్ల పోవాల్నో నువ్వు చెప్పు."

ఆ దారి లెక్క వేసింది నేను. పొడుగు నోట్‌బుక్ తీసి గత మూడు రోజుల ఆటలన్నీ చూసి పట్టిక తయారుచేశాను. పాత గని అని ఒక గుహ ఉంది, ముప్పై నాలుగు గదులు. దాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకసారి చేస్తే హీలర్‌కు మూడు వేల పాయింట్లు. అరవైకి చేరాలంటే నూట పన్నెండు సార్లు చేయాలి. ఒకసారికి ఇరవై అయిదు నిమిషాలు. గుమ్మం ముందు ఆగడానికి గదికి పదకొండు సెకన్లు. ముప్పై నాలుగు గదులకు ఆరు నిమిషాల పద్నాలుగు సెకన్లు. రోజుకు రెండు గంటల చొప్పున, ఆగకుండా పోతే నూట ముప్పై తొమ్మిది సార్లు చేయగలం. ఆగుతూ పోతే నూట పదకొండు. ఒక్కటి తక్కువ.

ఇంకో గంట ఎక్కువ ఆడదామంటే కుదరదు. నాలుగున్నరకు మేడమ్‌కు ట్యూషన్ పిల్లలు వస్తారు, సాయంత్రం మందుల దుకాణం రద్దీ, పొద్దున నాకు లారీలు. అయిదుగురికీ కలిసేవి ఆ రెండు గంటలే.

పట్టికలో రెండు నియమాలు రాశాను. ఒకటి, గుమ్మం ముందు ఆగవద్దు. రెండు, ఎవరి ప్రాణమైనా మూడో వంతుకు తగ్గేదాకా మంత్రం వాడవద్దు. ముందే వాడితే సగం మంత్రం వృథా. అది కూడా కొలిచాను.

చదివి వినిపించాను. గార్డు సాబ్ అన్నీ విన్నారు. "ఒక వారం నీ లెక్క నడిపిద్దాం తమ్మీ. ఒక వారం నా లెక్క. ఏది మంచిగ నడిస్తె దాంతోని మిగిలిన దూరం పోదాం."

నా వారం మొదలైంది. ఆయన పెదవి విప్పలేదు. "ముందు?" లేదు, "పక్కలు?" లేదు. నా ప్రాణం గీత సగానికి వచ్చినా మంత్రం వేసేవారు కాదు, మూడో వంతు అని రాసిన దగ్గర సరిగ్గా వేసేవారు. ఆయనకు ఇష్టం లేని పద్ధతిని ఆయనంత శ్రద్ధగా పాటించినవాడిని నేను చూడలేదు. కావాలని చెడగొట్టడం ఎంత సులువో నాకు తెలుసు. ఒక సెకను ఆలస్యం చేస్తే చాలు, ఎవరూ కనిపెట్టలేరు. ఆయన చేయలేదు.

ఏడు రోజులకు పట్టిక ప్రకారం ముప్పై మూడు కావాలి. ఇరవై రెండు అయ్యాయి. మేడమ్ ఇంకా బాణాలు నింపుకుంటుండగానే నేను తర్వాతి గదిలోకి దూరేవాణ్ణి. చిన్నతమ్ముడు వెనక చిక్కుకున్నది ఎవరూ చూసేవారు కాదు. అందరం పడిపోయి మళ్ళీ మొదటి గది నుంచి మొదలు.

"పదకొండు సార్లు మొదటికి పోయినం" అన్నారు గార్డు సాబ్ వారం చివర.

తర్వాతి వారం ఆయనది. ముందు, పక్కలు, వెనక. గదికి పదకొండు సెకన్లు. ఏడు రోజుల్లో ఇరవై ఎనిమిది. ఒక్కసారి కూడా పడలేదు. అందరం సిద్ధంగా లోపలికి అడుగుపెట్టడంతో కొట్లాటలే తొందరగా ముగిసి, ఒకసారికి ముప్పై నిమిషాలే పట్టింది.

ఆ ఆదివారం సాయంత్రం నోట్‌బుక్ ముందు కూచుని లెక్క వేశాను. రెండు వారాల్లో యాభై. ఇంకా అరవై రెండు కావాలి. మిగిలిన రోజులు పదిహేను, రోజుకు నాలుగు చొప్పున అరవై. రెండు తక్కువ. మొదటి రోజునుంచి ఆయన పద్ధతిలో పోయి ఉంటే నూట పదహారు అయ్యేవి, నాలుగు మిగిలేవి. కోట పోయేది ఆయన ఆగినందుకు కాదు. నేను ఆగవద్దన్నందుకు.

మర్నాడు పొద్దున్నే స్కూటర్ మీద మౌలాలి వెళ్ళాను, ఫోన్‌లో చెప్పే మాట కాదని. గుట్ట కనిపించే కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూచున్నారు. నోట్‌బుక్ చేతికిచ్చి చెప్పాను.

"తప్పు నాది గార్డు సాబ్. నా లెక్కతోని ఒక వారం పోయింది. ఇప్పుడు రెండు తక్కువ పడ్తున్నయి. ఎట్ల చూసినా పడ్తున్నయి."

"చాయ్ తాగు ముందు."

ఆయన నోట్‌బుక్‌ను చివరి పేజీ నుంచి వెనక్కి తిప్పుతూ చదివారు. "పేపర్ సుత గట్లనే చదువుతడు" అని వాళ్ళావిడ కప్పు అందిస్తూ అంది. "ఇది ఆయనకు ఆట గాదయ్యా, డ్యూటీ. రెండు కాకముందే చెయ్యి కడుక్కొని గడియారం దిక్కు చూస్తుంటడు."

మొదటి పేజీ దాకా వచ్చాక ఆయన కళ్ళద్దాలు తీశారు.

"లెక్క మంచిగున్నది. చేతిరాత సుత. ఒక్కటి చెప్పు తమ్మీ. నీ లెక్కల ఎవ్వడు పడిపోడా?"

ఇరవై అయిదు నిమిషాలు అన్నది ఎవరూ పడని ఆటలనుంచే తీసుకున్నాను. పడిన ఆటలను తప్పు లెక్కలనుకుని కొట్టేశాను. ముప్పై ఏళ్ళుగా ఇనుముతో పని. ప్లేటు బరువు దారిలో తగ్గదు. మనిషి అట్లా కాదని నాకు తెలియక కాదు, పట్టికలో రాయాలని తోచలేదు.

"ఆగిన బండి లేటైతది" అన్నారాయన. "పడ్డ బండి లేటు కాదు. ఇగ రాదు."

"మరి రెండు తక్కువున్నయి కదా?"

"వేరే బండ్లకు దారిచ్చి లూపులైన్ల ఆరారు గంటలు కూసున్నోణ్ణి. పరేషాన్ గాకు. ఇయ్యాల నాలుగు చేద్దాం, రేపు నాలుగు చేద్దాం."

బయటికి వచ్చి స్కూటర్ తీశాను. వీధి చివర మలుపు తిరుగుతూ అద్దంలో చూస్తే ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

ఆ పదిహేను రోజులు నేను బతికిన పద్ధతి వేరు. రోజూ నాలుగు. కరెంటు పోతుందేమోనని బ్యాటరీ పెట్టించాను. చిన్నతమ్ముడు జ్వరంతో కూడా వచ్చాడు. గుమ్మం ముందు మేడమ్ అందరికంటే ముందే ఆల్ రైట్ చెప్పేవారు. ఎవరూ రెండు తక్కువ అన్న మాట ఎత్తేవారు కాదు. అన్నదమ్ముల నోట వెక్కిరింత కూడా ఆగిపోయింది, అది నాకు ఇంకా బరువుగా ఉండేది.

ఇరవై తొమ్మిదో రోజు అరవయ్యోది, అంటే మొత్తం మీద నూట పదోది, మూడు యాభై ఎనిమిదికి పూర్తయింది. నేను మాట సిద్ధం చేసుకున్నాను. "ఇది నా వల్ల జరిగింది" అని మొదలుపెట్టాలని. నోరు తెరిచేలోగా గార్డు సాబ్ బొమ్మ చుట్టూ బంగారు వెలుగు లేచింది. తల మీద అంకె మారింది. అరవై.

ముందుగా మేడమ్ తేరుకున్నారు. "అన్నయ్య గారూ, మీ లెక్క తప్పిందేమోనండీ."

"నా లెక్క తప్పలే మేడమ్. గార్డు సాబ్, మీ పాయింట్లు ఎంతున్నయో జెర చదువుండ్రి."

ఆయన ఒక్కో అంకె చదివారు. అరవైకి కావాల్సినదానికంటే నాలుగు వందల ముప్పై అయిదు ఎక్కువ. రెండు ఆటలకు ఆరు వేలు తక్కువ పడాలి. అంటే ఎక్కడినుంచో ఆరు వేల నాలుగు వందల ముప్పై అయిదు వచ్చాయి.

"పొద్దున పూట ఏమన్న ఆడుతున్నరా?"

"ఆడుడు లేదు తమ్మీ. ఊరి మొదట్ల వంతెన లేదా, కొత్తగ ఆటల చేరినోళ్ళు అడవికి పోయేది? చాయ్ తాగుకుంట ఆడ నిలబడ్త. దెబ్బలు తగిలినోళ్ళు ఉరికొస్తుంటరు. ఒక మంత్రం ఏస్త, పోతరు."

"మా కోసం చేసిండ్రా?"

"మీ కోసమేంది? చేరిన కాడికెల్లి నిలబడుతున్న. ముంగటికెల్లి బండి పోతుంటే ఏమన్న తేడా ఉన్నదా అని లేచి చూడకుంట ఎట్లుంటం? అదే అలవాటు. దానికి పాయింట్లు వస్తయని సుత నాకు తెల్వది."

వస్తాయి. నాకు తెలుసు. జట్టులో లేని అపరిచితుడికి వైద్యం చేస్తే మనిషికి అయిదు పాయింట్లు. పట్టిక వేసినప్పుడు ఆ వరుస చూశాను. ఆరు వందల మందికి చేస్తే గాని పాత గని ఒక్కసారి చేసినదానికి సమానం కాదు. పనికిరాదని వదిలేశాను.

ఆరు వేల నాలుగు వందల ముప్పై అయిదును అయిదుతో భాగించాను. పన్నెండు వందల ఎనభై ఏడు మంది. ఇరవై తొమ్మిది రోజులకు రోజుకు నలభై నాలుగు మంది, పైన పదకొండు మంది. వాళ్ళలో ఒక్కడికీ ఆయన పేరు తెలిసి ఉండదు. అంకెలతోనే బతికినవాణ్ణి, ఎన్నో లెక్కలు సరిగ్గా వచ్చాయి. వాటన్నిటికంటే సరిగ్గా రాని ఆ ఒక్క లెక్క చూసి నాకు ఎక్కువ గర్వం.

మర్నాడు రెండింటికి నల్లకోట తలుపు తెరుచుకుంది. లోపలి సంగతి అంతా రాస్తే తెలియనివాళ్ళకు విసుగు. చివరి గది ఒక్కటి చెబుతాను. మూడు నలభైకి నా డాలు విరిగింది. కోట రాక్షసుడు నా మీదే ఉన్నాడు. నా ప్రాణం గీత గోరంత మిగిలింది. వెనక్కి పరుగెత్తితే మేడమ్ పోతారు, నిలబడితే నేను పోతాను. అప్పుడు చెవిలో ఆ గొంతు, కుక్కర్ ఈలలు లెక్కపెట్టే గొంతు, అంతే నెమ్మదిగా.

"నిలబడు తమ్మీ. నేనున్న."

నిలబడ్డాను. గీత గోరంత నుంచి వేలంత అయింది, బెత్తెడైంది. మూడు యాభై ఒకటికి రాక్షసుడు కూలాడు.

కోట పూర్తిచేసిన జట్టుకు తెర మీద ఒక పట్టిక వస్తుంది. మొదటి వరుసలో ఎవరు ఎంత కొట్టారు అన్నది. పెద్దతమ్ముడు అందరికంటే ఎక్కువ, తర్వాత మేడమ్, చిన్నతమ్ముడు, నేను. అట్టడుగున గార్డు సాబ్.

చిన్నతమ్ముడికి వెక్కిరింత తిరిగొచ్చింది. "గార్డు సాబ్, కోట మొత్తంల మీరు కొట్టింది సున్నా. ఉత్తగనే వచ్చి చూసి పోయిండ్రు."

చెంబు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "పక్క వరుస చదువు బిడ్డా."

పక్క వరుస ఎవరు ఎన్నిసార్లు పడిపోయారు అన్నది. చిన్నతమ్ముడు చదవడం మొదలుపెట్టాడు. అన్న సున్నా. మేడమ్ సున్నా. తను సున్నా. నేను సున్నా. అయిదోది చదివేటప్పటికి వాడి గొంతులో నవ్వు లేదు.

"ముప్పై నాలుగేండ్లు పని చేసి అదొక్కటే తెచ్చిన ఇంటికి" అన్నారు గార్డు సాబ్. "ఒక్క మనిషి పోలే నా బండి మీద. సున్నా అంటే అల్కగ రాదు."

నేను నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీశాను. తేదీ వేసి, అయిదు సున్నాలు ఒకదాని కింద ఒకటి రాసి, కింద గీత గీసి, మొత్తం వేశాను.